క్లోన్ చేశాక నేరుగా విండోస్ తెరుచుకుంటుంటే

మాస్టారూ, విండోస్, ఉబుంటు రెండూ ఉన్న డిస్కులను డూప్లికేటర్‌లో (డిస్కుకు నకలు తీసే పరికరం) కాపీ చేసి ల్యాబ్ సిస్టమ్‌లలో పెడితే, ఏది తెరవాలో అడిగే గ్రబ్ మెనూ రాకుండా విండోసే తెరుచుకుంటోందన్నారు. కంగారు పడకండి, మీ ఉబుంటు డిస్కులో భద్రంగానే ఉంది. యూఈఎఫ్ఐలో (సిస్టమ్ ఆన్ కాగానే ముందుగా నడిచే మదర్‌బోర్డు సాఫ్ట్‌వేర్) 'ఉబుంటు' అన్న బూట్ ఎంట్రీ ఉండేది మదర్‌బోర్డు మెమరీలో, అది డిస్కుతో పాటు రాదు. విండోస్‌నైతే చాలా బోర్డులు వాటంతటవే వెతికి పట్టుకుంటాయి.

ఇప్పటికే బిగించిన సిస్టమ్‌లను లైవ్ యూఎస్‌బీతో (ఇన్‌స్టాల్ చేయకుండానే ఉబుంటు నడిపే పెన్‌డ్రైవ్) యూఈఎఫ్ఐ మోడ్‌లోనే తెరిచి, ఈఎఫ్ఐబూట్‌ఎంజీఆర్ (efibootmgr) కమాండ్‌తో ఆ ఎంట్రీ చేర్చండి. ఇకపై కాపీ తీసేముందు మూల సిస్టమ్‌లో గ్రబ్-ఇన్‌స్టాల్ కమాండ్‌ను 'రిమూవబుల్' ఆప్షన్‌తో (grub-install --removable) నడపండి. ఎంట్రీ లేని బోర్డు వెతికే ఫోల్డర్‌లో కూడా గ్రబ్ చేరుతుంది.

మరొకటి, దీన్ని మాత్రం మరవద్దు. కాపీకి ముందే విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ (పూర్తిగా షట్‌డౌన్ కాకుండా త్వరగా తెరుచుకునే సదుపాయం) ఆపి సిస్‌ప్రెప్ (ఆ సిస్టమ్‌కే చెందిన గుర్తింపులను తీసేసే విండోస్ టూల్) నడపండి, ఉబుంటులో మెషీన్-ఐడీ ఫైల్ (సిస్టమ్ గుర్తింపు సంఖ్య ఉండే ఫైల్) ఖాళీ చేయండి. మెషీన్-ఐడీ ఒకటే ఉండిపోతే రెండు సిస్టమ్‌లకు ఒకే ఐపీ (నెట్‌వర్క్ చిరునామా) వచ్చి నెట్‌వర్క్‌లో తగువులు మొదలవచ్చు.