యాలకులు అయిపోతే నల్ల యాలకులు వేయొచ్చా? అవి గ్యాస్‌కీ జలుబుకీ పనిచేస్తాయా?

పాయసానికైతే అసలు వద్దు, తినలేరు. రెండూ అల్లం కుటుంబానివే గానీ మొక్కలు వేరు. మనం చక్కెర పొంగలిలో వేసే చిన్నవి ఎక్కువగా కేరళ ఇడుక్కి కొండల నుంచి వస్తాయి. నల్లవి నేపాల్, సిక్కిం, భూటాన్, డార్జిలింగ్ వైపు పండుతాయి. చిన్నవే ముదిరి నల్లబడతాయని మా వీధి కిరాణా ఆయన చెబుతుంటాడు. అది నిజం కాదు.

మావారి ఉద్యోగం వల్ల కొన్నేళ్లు గాంగ్‌టక్‌లో ఉన్నాం. చుట్టుపక్కల పల్లెల్లో ఉత్తిస్ అనే కొండ చెట్ల (ఆల్డర్) నీడన ఈ తోటలు పెంచుతారు. ఆ చెట్టు వేళ్లు నేలకు నత్రజని కూడా అందిస్తాయి. కాయలు పైన కొమ్మలకు కాయవు, మొక్క మొదట్లో నేలకు ఆనుకుని గుత్తిగా వస్తాయి. కోసినప్పుడు ముదురు ఎరుపు రంగులో ఉంటాయి. రాళ్లూ మట్టితో కట్టిన భట్టీ మీద తడక పరిచి, కాయలు పోసి, కింద కట్టెలు మండిస్తారు. ఆ నలుపూ, మసాలా డబ్బా మూత తీయగానే కొట్టే ఆ పొగ వాసనా అక్కడివే. ఇప్పుడు పొగ తగలకుండా ఆరబెట్టే భట్టీలూ వచ్చాయి. వాటిలో ఎండిన కాయ కాస్త ఎర్రగానే ఉంటుంది, కర్పూరం ఘాటు తెలుస్తుంది. పొగ వాసన లేదని దాన్ని నకిలీ సరుకు అనుకోకండి.

ఈ పొగ మాంసానికి, రాజ్మాకి, కాబూలీ సెనగలకి, పులావ్‌కి బాగా పడుతుంది. కిలో మటన్‌కి రెండు కాయలు చాలు. రోకలితో ఒక్క దెబ్బ వేసి, తొక్కతో సహా నూనెలో వేసి, వెంటనే ఉల్లిపాయలు వేసేయాలి. మాడితే చేదు. నిదానంగా ఉడికే వంటల్లోనే దీని గుణం దిగుతుంది. హైదరాబాద్‌లో నిహారీకి, పాయాకి గుడ్డలో మూటకట్టి వేసే పొట్లీ మసాలాలోనూ ఇది ఉంటుంది. మన గసగసాలు, కొబ్బరి ముద్దతో చేసే మాంసం కూరలో నేను ఒక్కటి వేస్తాను. చింతపండు పులుసుల్లో మాత్రం వేయను, రెండూ ఒకదాన్నొకటి పాడుచేస్తాయి. వడ్డించేముందు కాయలు ఏరి పారేయండి, పంటికింద పడితే ఆ ముద్ద వృథా.

ఇవి దొరక్కపోతే చిన్న యాలకులు రెట్టింపు వేయడం దండగ, కూర మిఠాయి వాసన వస్తుంది. దాని బదులు చిన్న గిన్నెలో నిప్పు కణిక పెట్టి, నెయ్యి చుక్క వేసి, కూరలో ఉంచి మూత పెట్టండి. పొగ వరకైనా వస్తుంది. అమెరికాలో ఉన్నవాళ్లకి ఒక మాట: చైనీస్, వియత్నామీస్ దుకాణాల్లో నల్ల యాలకుల పేరుతోనే ఇంకా పెద్ద కాయలు కనిపిస్తాయి. అవి వాళ్లు ఫో సూప్‌లో వేసే వేరే జాతివి. వాడొచ్చు గానీ సగం చాలు.

ఇక ఆరోగ్యం సంగతి. ఆయుర్వేదంలో దీన్ని స్థూలైల అంటారు, జీర్ణానికి వాడతారు. గింజల నూనెలో ప్రధానంగా ఉండేది సినియోల్ అనే పదార్థం. నీలగిరి తైలంలోనూ ముఖ్యంగా ఉండేది అదే. అందుకే నమిలితే గొంతు చల్లగా తెరుచుకున్నట్టు ఉంటుంది. జలుబు చేసినప్పుడు మా ఇంట్లో ఒక కాయ దంచి, అల్లంతో కలిపి డికాషన్‌లో మరిగిస్తాను. హాయిగా ఉంటుంది, జలుబు మాత్రం దాని టైము ప్రకారమే తగ్గుతుంది. బరువైన భోజనం తర్వాత నాలుగు గింజలు నమిలితే నాకు కడుపు తేలికపడుతుంది. రోజూ మంట, గ్యాస్ ఉంటే డాక్టర్ దగ్గరికే వెళ్లండి.

కొనేటప్పుడు ఒక కాయ విప్పి చూడండి. గింజలు నల్లగా, జిగురుగా అంటుకుని ఉండాలి. పొడిగా రాలిపోతున్నాయంటే పాతవి. ఉత్తర బెంగాల్‌లోని సిలిగురి వ్యాపారులు పెద్ద కాయని బడాదానా అని, చిన్నదాన్ని చోటాదానా అని, కాయ కొసన ఉండే పీచు తోక కత్తిరించినదాన్ని కైంచీ కట్ అని అంటారు. తోకలున్నవి కొంటే ఆ పీచుకి కూడా మీరే డబ్బు కడుతున్నట్టు. పొడి మాత్రం కొనకండి. కాయలే తెచ్చి సీసాలో బిగించి పెట్టుకుని, గరం మసాలా కొట్టుకునే రోజున గింజలు తీసుకోండి.