యాసంగి వరిలో తాలు, మిల్లులో నూక: తప్పు విత్తనానిదా, ఎండదా?

ప్రశ్న: సార్, మాది మిర్యాలగూడ దగ్గర, నాలుగెకరాలు. వానాకాలం బీపీటీ రకం పెట్టిన, కోతలు డిసెంబర్ దాకా పోయినయ్, దాంతోటి యాసంగి 1010 రకం నారు జనవరి 1కి పోసిన, నాట్లు ఫిబ్రవరి మొదటి వారంల అయినయ్. ఏప్రిల్ మొదట్ల ఈనింది. చేను పచ్చగ మంచిగుండె, కానీ కంకిల మూడో వంతు తాలు. ఎకరానికి 28 క్వింటాళ్ళు వచ్చే చేను 19 దగ్గర ఆగింది. ఇంటికి రెండు బస్తాలు పట్టిస్తే నూకనే ఎక్కువ. విత్తనం తేడానా, ఎండలా? ఇంకో మాట, మా వరి మళ్ళలకెల్లి గ్యాస్ లేచి ఎండలు పెరుగుతున్నయ్ అంటున్నరు, నిజమేనా?

జవాబు: అన్నా, మీరు పంపిన ఫోటోలు పెద్దగా చేసి చూశాను. ముందు పురుగూ తెగులూ కాదని ఖాయం చేసుకుందాం. కాండం తొలిచే పురుగైతే కంకి మొత్తం తెల్లగా అయిపోయి లాగితే చేతికి ఊడొస్తుంది, మెడ విరుపైతే కంకి మెడ దగ్గర నల్లటి మచ్చ ఉండి అక్కడే వాలిపోతుంది, కంకి నల్లి అయితే పొట్టాకు లోపలి వైపు గోధుమ రంగు తిరిగి గింజల మీద మచ్చలు పడతాయి. మీ కంకుల్లో ఇవేవీ లేవు, కంకి నిటారుగా నిలబడి ఉంది, గింజ ఆకుపచ్చగానే ఉంది, లోపల ఏమీ లేదని మీరే అంటున్నారు, అది కూడా ఒక్కచోట కాదు అక్కడొకటి ఇక్కడొకటి. ఇది పూత టైంలో ఎండ దెబ్బ. విత్తనం మీదా, షాపు వాళ్ళ మీదా కోపం వద్దు, మీ చేతిలోనూ తప్పు లేదు, తేదీ ఒక్కటే తప్పింది.

ఎలాగంటే, వరికి సుంకు విచ్చుకునేది పొద్దున 9 నుంచి మధ్యాహ్నం 12 లోపు, ఒక్కో పువ్వు తెరుచుకుని ఉండేది గంట అటూ ఇటూ అంతే. ఆ గంటలోనే పుప్పొడి రాలి గింజ కట్టాలి. రీడింగ్ యూనివర్సిటీలో కృష్ణ జగదీశ్ గారి బృందం 2007లో ప్రచురించిన పరిశోధనలో, పువ్వు వేడి 33.7 డిగ్రీలు దాటి గంట కూడా ఉండక్కర్లేదు, ఆ కాస్సేపటికే గింజలు తాలు పోతాయని తేలింది. కంకి పొట్టలో ఉన్నప్పుడు కొంత ఓర్చుకుంటుంది, గింజ పాలు పోసుకున్నాక కూడా కొంత ఓర్చుకుంటుంది, ఆ సుంకు గంట మాత్రం ఓర్చుకోదు. మీ దగ్గర ఏప్రిల్ మొదటి వారంలో పొద్దున 10:30కే ఎంత కాస్తదో నాకన్నా మీకే ఎక్కువ తెలుసు.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి, ఇది చాలామందికి తెలీదు. ఆస్ట్రేలియాలో రివరీనా అనే ప్రాంతంలో ఎండాకాలమే వరి వేస్తారు, అక్కడ 40 కూడా దాటుతుంది, అయినా దిగుబడి బాగా వస్తుంది. జపాన్ శాస్త్రవేత్తలు వెళ్ళి కంకి వేడి కొలిస్తే గాలి కన్నా 6 డిగ్రీలకు పైగా చల్లగా ఉంది, ఎందుకంటే అక్కడ గాలి పొడి, మడి నిండా నీళ్ళు, ఆకు నీటిని ఆవిరి చేస్తూ తనను తాను చల్లబరుచుకుంటుంది, మన కుండలో నీళ్ళలాగే. అంటే పూత టైంలో మడిలో నీళ్ళు ఉన్నాయా లేవా అన్నదే చాలా తేడా తెస్తుంది. ఆ పది పదిహేను రోజులు మీ మడి ఆరిందా అన్నా? ఆరి ఉంటే నష్టం రెట్టింపు అయ్యింది అక్కడే.

ఇంకా పెద్ద దొంగ రాత్రి వేడి. పగలు ఎండ అందరికీ కనబడుతుంది, రాత్రి ఉక్కపోత గురించి ఎవరూ మాట్లాడరు. ఫిలిప్పీన్స్‌లో అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ తమ పొలంలోనే 1979 నుంచి 2003 దాకా లెక్కలు తీసింది, అన్నేళ్ళలో పగటి వేడి 0.35 డిగ్రీలు పెరిగితే రాత్రి వేడి 1.13 డిగ్రీలు పెరిగింది, ఎండాకాలం పంటలో రాత్రి ఒక్క డిగ్రీ పెరిగితే దిగుబడి 10 శాతం పడిపోయింది. 2004లో ఇది అచ్చయినప్పుడు చదివి నేను నిజంగా భయపడ్డాను, అప్పట్నుంచి నా డైరీలో కనిష్ఠ ఉష్ణోగ్రత కూడా రాస్తున్నాను. మొక్క పగలంతా సంపాదించిన పిండి పదార్థాన్ని వేడి రాత్రుల్లో ఊపిరి కోసమే ఎక్కువ ఖర్చు పెట్టేస్తుంది, ఇక గింజలోకి పోయేదేంటి.

మీ నూక ప్రశ్నకు జవాబు కూడా దీన్లోనే ఉంది. వేడి రాత్రుల్లో గింజ తొందరగా నిండుతుంది కానీ పిండి గట్టిగా సర్దుకోదు, మధ్యలో గాలి మిగిలి తెల్ల పొట్ట పడుతుంది, మిల్లులో పాలిష్ పట్టేటప్పుడు అక్కడే విరుగుతుంది. యాసంగి వడ్లను మన దగ్గర ఉప్పుడు బియ్యం చేసేది ఇందుకే, ఉడకబెడితే పిండి జిగురుగా మారి పగుళ్ళు అతుక్కుంటాయి. ఆ ఉప్పుడు బియ్యం కొనుగోలు మీద రాష్ట్రానికీ కేంద్రానికీ ఎంత గొడవ అయ్యిందో 2021, 2022లో మనం చూశాం కదా.

సరే, ఇప్పుడు ఏం చెయ్యాలి. లెక్క నారు నుంచి కాదు, పూత నుంచి వెనక్కి వెయ్యండి. పూత మార్చి మొదటి పక్షంలో అయిపోవాలి అనుకోండి. 1010 కోతకు సుమారు 30 రోజుల ముందు పూతకొస్తుంది, అంటే నారు పోసిన 95 రోజులకు అటూ ఇటూ, చలికి ఇంకో వారం లేటవుతుంది. వెనక్కి లెక్కేస్తే నారు నవంబర్ 25 ప్రాంతంలో పోయాలి. జనవరి 1కి పోస్తే ఏ ఎరువు వేసినా, ఏ మందు కొట్టినా ఏప్రిల్ ఎండ ఆగదు. నారు మరీ ముందుకు జరిపినా ఇబ్బందే, పొట్ట దశ గట్టి చలిలో పడినా తాలు వస్తుంది, కాబట్టి నవంబర్ మొదట్లో వద్దు.

డిసెంబర్ చలికి నారు ఎర్రబడుతుందని భయం ఉంటుంది, అది నిజమే, అందుకని రాత్రి పూట యూరియా సంచులతో కుట్టిన పట్టాలో పాలిథీన్ షీటో కప్పి పొద్దున తీసేయండి, రాత్రి చల్లబడ్డ నీళ్ళు పొద్దున తీసేసి కొత్త నీళ్ళు పెట్టండి, ఆకుల మీద తుప్పు రంగు మచ్చలొస్తే జింక్ సల్ఫేట్ లీటరుకు 2 గ్రాములు పిచికారీ చెయ్యండి.

కానీ అసలు ముడి వానాకాలంలో ఉంది. బీపీటీ 150 రోజుల పంట, జులై 10కి నారు పోస్తే డిసెంబర్ మొదటి వారం దాకా మడి ఖాళీ కాదు, ఇంక యాసంగి ముందుకు ఎలా జరుగుతుంది. సన్న రకమే కావాలంటే 125 రోజుల తెలంగాణ సోనా, అదే ఆర్ఎన్ఆర్ 15048 పెట్టండి, అదే జులై 10కి పోసినా నవంబర్ మధ్యకల్లా కోత అయిపోతుంది, మీకు 25 రోజులు మిగుల్తాయి. ఆ 25 రోజులే మీ 9 క్వింటాళ్ళు. నత్రజని ఎక్కువైతే పడిపోతుంది జాగ్రత్త.

మీలాంటి వాళ్ళ కోసమే అన్నట్టు ఇంకో కబురు. 2025 మే 4న కేంద్రం జీనోమ్ ఎడిటింగ్‌తో చేసిన రెండు వరి రకాలు ప్రకటించింది. ఒకటి మన రాజేంద్రనగర్‌లోని భారత వరి పరిశోధన సంస్థ చేసిన డీఆర్ఆర్ ధాన్ 100, కమల అని పేరు, సాంబ మసూరిలో, అంటే మీ బీపీటీలోనే, ఒకే ఒక్క జీన్ సరిచేశారు, బయటి జీన్ ఏమీ పెట్టలేదు, కంకికి గింజలు పెరిగి దిగుబడి 19 శాతం ఎక్కువ, పంట 20 రోజులు ముందే వస్తుందని చెప్పారు. రెండోది మీ 1010 నుంచే ఢిల్లీ పూసా వాళ్ళు చేసిన పూసా డీఎస్టీ రైస్ 1, అది ఉప్పు నేలలకి. నాకు మాత్రం ఆ దిగుబడి కన్నా 20 రోజులే ముఖ్యం అనిపించింది. అయితే ప్రకటించిన రోజునే విత్తనం చేతికి రాదు, బ్రీడర్, ఫౌండేషన్, సర్టిఫైడ్ దశలు దాటాలి, కాబట్టి ఎవరైనా విడి సంచిలో కమల అని తెస్తే ట్యాగూ బిల్లూ లేకుండా తీసుకోవద్దు.

ఈసారి ఎంత చేసినా పూత ఎండలో పడితే, ఆ పదిహేను రోజులు మడిలో 5 సెంటీమీటర్ల నీళ్ళు తగ్గనివ్వకండి, వీలైతే సాయంత్రం కొత్త నీళ్ళు పారించండి. పొటాష్ అంతా దుక్కిలోనే వెయ్యకుండా సగం అంకురం దశకు, అంటే లోపల కంకి మొలకెత్తే టైంకు ఉంచండి, పొట్ట దశలో 13-0-45 ఎరువు, అంటే పొటాషియం నైట్రేట్, లీటరుకు 10 గ్రాములు సాయంత్రం కొట్టండి. సుంకు మీద ఉన్నప్పుడు పొద్దున పూట పిచికారీ అస్సలు వద్దు, మందు ఏదైనా సరే, ఇది మాత్రం ఇంటిల్లిపాదికీ చెప్పండి. కోతకు గింజలు మొత్తం ఎండేదాకా ఆగకండి, నూటికి 85 గింజలు బంగారు రంగు తిరిగితే చాలు. పైరు మీదే ఎండి, రాత్రి మంచుకు తడిసి, మళ్ళీ ఎండితే గింజ లోపలే పగులుతుంది. కల్లంలో కూడా పలచగా పోసి తిప్పుతూ ఆరబెట్టండి, రాత్రి కప్పండి, కొనుగోలు సెంటర్లో 17 శాతం తేమ అడుగుతారు కదా అది చాలు, మరీ ఎండబెడితే బరువూ పోతుంది, నూకా అవుతుంది.

చివరగా గ్యాస్ సంగతి. నిజమే అన్నా, దాచకుండా చెప్తాను. నీళ్ళు నిలిచిన మట్టిలోకి గాలి పోదు, అక్కడ బతికే సూక్ష్మజీవులు మీథేన్ తయారు చేస్తాయి, అది వరి కాండంలోని బోలు గుండానే పైకొస్తుంది. మనుషుల పనుల వల్ల వచ్చే మీథేన్‌లో వరిది సుమారు 8 శాతం. కానీ ఎండలు ఇంతగా పెరగడానికి అసలు కారణం బొగ్గు, పెట్రోలు, డీజిలు. 2024లో భూమి సగటు వేడి పారిశ్రామిక కాలానికి ముందుకన్నా 1.55 డిగ్రీలు ఎక్కువని ప్రపంచ వాతావరణ సంస్థ లెక్క తేల్చింది, ఆ పాపం మిర్యాలగూడ రైతు నెత్తిన వేస్తే నేను ఒప్పుకోను. అలాగని చెయ్యగలిగింది వదిలేయడమెందుకు, అందులో మీకే లాభం ఉన్నప్పుడు.

మడిని ఎప్పుడూ నింపి ఉంచకుండా తడి పెడుతూ ఆరబెడుతూ పోవాలి, అందుకు 30 సెంటీమీటర్ల ప్లాస్టిక్ పైపు ముక్కకు కింది సగం రంధ్రాలు చేసి 15 సెంటీమీటర్లు మట్టిలో దిగేయండి, లోపలి మట్టి తీసేయండి. పైపులో నీళ్ళు నేల మట్టానికి 15 సెంటీమీటర్ల కిందికి దిగినప్పుడే మళ్ళీ తడి పెట్టండి. నాటిన రెండు వారాల నుంచి మొదలుపెట్టి పూతకు వారం ముందు ఆపేయండి, పూత అయిపోయిన వారానికి మళ్ళీ మొదలు. ఇలా చేస్తే నీళ్ళు పాతిక శాతం దాకా, మీథేన్ 30 నుంచి 50 శాతం దాకా తగ్గుతాయి, దిగుబడి తగ్గదు. యూరియా మాత్రం ఆరిన మడిలో చల్లి వదిలేయకండి, చల్లిన వెంటనే తడి పెట్టండి, లేదంటే ఇంకో గ్యాస్ లేస్తుంది, మీ యూరియా గాలికి పోతుంది. బోరు కింద చేసేవాళ్ళకి ఇది బాగా కుదురుతుంది, కాల్వ కింద వారబందీ వంతుల్ని బట్టి సర్దుకోవాలి.

నాలుగెకరాలూ ఒక్కసారే మార్చొద్దు, ఈసారి ఒక ఎకరం సోనా కోసి నవంబర్ 25కి నారు పోయండి, మిగతాది మీ పద్ధతిలోనే కానివ్వండి. రెండు మడుల్లోనూ మొదటి కంకి బయటికొచ్చిన తేదీ రాసుకోండి, కోతకు ముందు చెరో పది కంకులు తెంపి తాలు గింజలు, గట్టి గింజలు లెక్కపెట్టి ఫోటోతో పాటు నాకు పంపండి, ఆ లెక్కను బట్టి మిగతా మూడెకరాల సంగతి మాట్లాడుకుందాం.