జరిగినదాన్ని మేలు అనకుండానే దేవుణ్ణి మంచివాడు అనవచ్చు

"ఏడేళ్లు ఎదురుచూశాక నిలిచిన గర్భం అయిదో నెలలో పోయింది. దేవుడు మంచివాడని ఇప్పుడు ఎలా నమ్మాలి?" అని అడిగారు. మీ ప్రశ్న కింద ఇప్పటికే కొందరు "అంతా మన మేలుకే" అని రాశారు. నేను ఆ మాట రాయను. మీ బిడ్డ పోవడం మేలు కాదు. దాన్ని మేలని ఒప్పుకుంటేనే విశ్వాసం ఉన్నట్టు అని ఎవరైనా అంటే వినకండి.

మాది చెన్నైలో స్థిరపడిన తెలుగు కుటుంబం. 2015లో జాఫర్‌ఖాన్‌పేటలో, అడయారు నదికి దగ్గర్లో, కింది వాటాలో అద్దెకు ఉండేవాళ్లం. నాన్నకు ఊపిరితిత్తుల జబ్బు. మంచం పక్కన ఆక్సిజన్ మెషీన్ రాత్రింబవళ్లు నడుస్తూ ఉండాలి. ఆ ఏడు నవంబరంతా వానలే. డిసెంబరు 1న మరీ ఆగకుండా కురిసింది. తాంబరంలో ఒక్క రోజులోనే 49 సెంటీమీటర్లు పడిందని తర్వాత తెలిసింది. చెంబరంబాక్కం చెరువు నిండి, అక్కడ వదిలిన నీరు, దారి పొడవునా వచ్చి చేరిన వాననీరు కలిసి అడయారు గట్టు దాటింది. మా ఇంట్లోకి నీరు వాకిలి వైపు నుంచి రాలేదు. ముందు బాత్రూమ్ తూములోంచి నల్లగా పైకి ఉబికింది. కాసేపటికి కరెంటు పోయింది. మెషీన్ కీచుమని అరిచి ఆగిపోయింది.

నాన్నను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నేను, తమ్ముడు, ఇంటివారి అబ్బాయి కలిసి మేడ మీదికి మోశాం. అవసరానికని ఉంచుకున్న చిన్న సిలిండర్ ఒక్కటే దిక్కు. ఫోన్లు పలకలేదు. ఇంటావిడ టార్చి పట్టుకుంటే నేను సిలిండర్ మీటరు ముల్లునే చూస్తూ కూర్చున్నాను. బైబిల్లో సారెపతు అనే ఊరి పేద విధవరాలు కరువులో ఏలీయా ప్రవక్తకు రొట్టె పెడితే, ఆమె బుడ్డిలో నూనె తరగలేదు. ఆ బుడ్డిలో నూనె అయిపోనివ్వలేదు కదా ప్రభువా, ఈ ముల్లును కదలనివ్వకు అని ప్రార్థించాను. ముల్లు కదిలింది. ఎర్రగీత మీదికి వచ్చింది. నాన్న నా చేతిని వేలితో తడుతూనే ఉన్నారు, మాట్లాడే ఊపిరి లేక. తెల్లవారకముందే ఆ తట్టడం ఆగిపోయింది.

వీధిలో నీరు తగ్గేవరకు నాన్నను ఇంటావిడ ముందుగదిలోనే ఉంచుకున్నాం. ఆవిడ మురుగన్ భక్తురాలు. బీరువాలోంచి తన పెళ్లి పట్టుచీర తీసి నాన్న మీద కప్పారు. ఎందుకిలా జరిగిందో ఒక్క కారణమూ చెప్పలేదు.

కారణాలు చెప్పేవాళ్లు నీరు తగ్గాక వచ్చారు. ఒకరు ఇది నగరం పాపానికి తీర్పన్నారు. ఒకరు దేవుడు నాన్నకు బాధ తప్పించాడన్నారు. ఇంకొకరు నా ప్రార్థనలో విశ్వాసం చాలలేదేమో అన్నారు. ఆ మాట నన్ను ఇప్పటికీ దహిస్తుంది. 2019 వేసవిలో నగరానికి నీళ్లిచ్చే పూండి, చోళవరం, రెడ్‌హిల్స్, చెంబరంబాక్కం చెరువులన్నీ అడుగంటి, ట్యాంకర్ కోసం మేము బిందెలు వరుసపెట్టిన రోజుల్లో, అదే మనుషులు దానికీ దేవుని కోపమే కారణమన్నారు. నీరు వచ్చినా తీర్పే, రాకపోయినా తీర్పే. చెరువుల గురించి, గట్ల గురించి, నది ఒడ్డున లేచిన కట్టడాల గురించి మనుషులను అడగవలసిన ప్రశ్నలన్నిటినీ ఆ ఒక్క మాటతో మూసేస్తారు. మన క్రైస్తవ సంఘాల్లో ఇంకొకటి కూడా నాకు నచ్చదు. సాక్ష్యం చెప్పే సమయంలో, అంటే దేవుడు తమకు చేసిన మేలును అందరి ముందూ చెప్పుకునేటప్పుడు, మైకు ప్రార్థన ఫలించినవారికే అందుతుంది. ఫలించనివారు ఏ మాట చెప్పుకోవాలి, ఎవరితో చెప్పుకోవాలి?

బైబిల్లో యోబు అనే నీతిమంతుడు పిల్లలనూ ఆస్తినీ ఆరోగ్యాన్నీ పోగొట్టుకున్నప్పుడు, అతని స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతనితో పాటు నేల మీద మౌనంగా కూర్చున్నారు. అంతవరకు వారు మంచి స్నేహితులే. నోరు తెరిచి కారణాలు మొదలుపెట్టాకే చెడిపోయారు. దేవుడు యోబునూ ప్రశ్నించాడు, నిజమే. అయినా చివరికి, తన గురించి యుక్తంగా పలికింది యోబే గానీ వారు కాదని తేల్చాడు.

సారెపతు విధవరాలి కథను కూడా మనవాళ్లు నూనె దగ్గరే ఆపేస్తారు. అదే అధ్యాయంలో ఆమె కొడుకు చనిపోతాడు. ఆమె ఏలీయాను నిలదీస్తుంది. ఏలీయా ఆ పిల్లవాణ్ణి మేడగదికి ఎత్తుకెళ్లి, నాకు ఆశ్రయమిచ్చిన ఈమెకు కూడా కీడు చేశావా అని దేవుణ్ణే అడుగుతాడు. నాన్న పోయాక మళ్లీ చదివినప్పుడు మేడగది అన్న మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఆ పిల్లవాడు లేచాడు, మా నాన్న లేవలేదు. దానికి ఎవరూ నాకు కారణం చెప్పలేరు, చెప్పనివ్వను కూడా. కానీ ఏలీయా ఎందుకు అలా అడగగలిగాడో మాత్రం అర్థమైంది. నిర్దయుణ్ణి పట్టుకుని దయ ఏదని ఎవరూ అడగరు. ఆయన మంచివాడని నమ్మకం ఉండబట్టే నిలదీశాడు. దుఃఖంలో ఒక్కసారైనా దేవునితో పోట్లాడనివారి విశ్వాసం పైపైదేనని నా గట్టి అభిప్రాయం.

ఆ తర్వాత చాలాకాలం ఆరాధనలో నా గొంతు పెగల్లేదు. పక్కన కూర్చున్న పెద్దావిడలు పాడేవారు. నేను నమ్మలేని మాటలను నా బదులు వాళ్లు నమ్ముతున్నారనిపించేది. నన్ను నిలబెట్టింది అదే.

బైబిల్లోని 88వ కీర్తన చదవండి. మొదటి నుంచి చివరి వరకు మొర. చివరి మాట కూడా చీకటి గురించే. అయినా దాన్ని తీసేయలేదు, ప్రధాన గాయకునికి అప్పగించి అందరూ పాడే పాటల్లో చేర్చారు. మీరూ మీవారూ కలిసి బిగ్గరగా చదవండి. బిడ్డకు పేరు అనుకుని ఉంటే ఆ పేరు పెట్టే దేవుణ్ణి అడగండి. ఆదివారం పాడలేకపోతే ఊరికే కూర్చోండి. కారణాలు చెప్పడానికి ఎవరైనా గుమ్మంలోకి వస్తే, మీరు ఇప్పుడు మాట్లాడే స్థితిలో లేరని మీవారితో చెప్పించి పంపేయండి.