‘పంటి బిగువున భరించడం’ అంటే ఏమిటి? ఆ మాట ఎలా వచ్చింది?

పంటి బిగువున భరించడం అంటే నొప్పినో కష్టాన్నో బయటికి కనిపించనీయకుండా ఓర్చుకోవడం. ఇది మన ఒంటి తీరు నుంచి పుట్టిన మాట. నొప్పి ఎక్కువైతే దవడలు వాటంతటవే బిగుసుకుంటాయి, పైపళ్లు కిందిపళ్లను గట్టిగా అదుముతాయి, మూలుగు నోట్లోనే ఆగిపోతుంది. బిగువు అంటే ఆ పట్టే.

మిర్చి సీజన్‌లో వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు వెళ్లి చూడండి. ఘాటుకు కళ్లు మండుతున్నా, ముక్కు కారుతున్నా హమాలీ వీపు మీది బస్తాను మధ్యలో దించడు, కాంటా దాకా మోస్తాడు. పంటి బిగువున మోస్తున్నాడంటే అతిశయోక్తి కాదు, నిజంగానే దవడ బిగిసి ఉంటుంది.

చాలామంది దీన్ని ‘పళ్లు నూరడం’తో కలిపేస్తారు. అది కోపం, ఎదుటివాడి మీద చూపించేది. ఇది ఓర్పు. అలాగని లొంగిపోవడమూ కాదు, ఎందుకంటే చేతిలో పని ఆగదు.