విశ్వాసంలో ఒకరిని నడిపించడానికి బైబిల్ కాలేజీ చదవాలా?

"కొత్తగా బాప్తిస్మం తీసుకున్నవాళ్లను విశ్వాసంలో నడిపించాలంటే బైబిల్ కాలేజీ చదివుండాలా? మామూలు విశ్వాసులకు ఆ పిలుపు ఉంటుందా?" అని అడిగారు. ఖచ్చితంగా ఉంటుంది. నన్ను నడిపించినామెకు సంతకం కూడా రాదు.

మాది టంగుటూరు దగ్గర పల్లె. పెళ్లికి ముందు పొగాకు గ్రేడింగుకు, అంటే ఆకును రకాలుగా వేరుచేసే పనికి పోయేదాన్ని. మా వరసలో కూర్చునే పెద్దావిడను అందరం పెద్దత్త అనేవాళ్లం. మధ్యాహ్నం అన్నం క్యారేజీలు విప్పేముందు నా చేతికి బైబిలిచ్చి ఒక కీర్తన చదివించుకునేది. చేతులు ఎంత కడిగినా పొగాకు జిగురు పోదు కదా, కీర్తనల పేజీల అంచులన్నీ నల్లబడిపోయాయి. చదివాక "ఇందులో నీకేం తగిలిందమ్మే?" అనేది. నేను ఏదో ఒకటి చెప్పేదాకా ముద్ద ముట్టేది కాదు.

ఒకరోజు పని దిగాక నన్ను వెంటబెట్టుకుని పక్కూరికి తీసుకెళ్లింది. అక్కడొకాయన పొగాకు ఆరబెట్టే బ్యారన్‌లో ఆకు కట్టిన కర్రలెక్కిస్తూ జారిపడి, కాలు విరిగి మంచాన ఉన్నాడు. మమ్మల్ని చూడగానే ఆయన భార్య ఏడుపందుకుంది. పెద్దత్త ఆమె చెయ్యి పట్టుకుని, నా వైపు తిరిగి "ప్రార్థన చెయ్యమ్మే" అంది. అప్పటిదాకా నలుగురిలో నోరు తెరిచి ప్రార్థన చేసిందే లేదు. "నాకు రాదత్తా" అన్నాను. "రాకపోవడానికేముంది? ఈయన పేరు చెప్పు, కాలు సంగతి చెప్పు, ఇంట్లో బియ్యం నిండుకున్నాయని చెప్పు, యేసు నామంలో అడుగు" అంది. అలాగే అడిగాను. ఆమె గట్టిగా ఆమేన్ అని, కొంగుముడి విప్పి తన కూలి డబ్బుల్లోంచి కొంత ఆ ఇల్లాలి చేతిలో పెట్టింది. ప్రార్థన ఎలా చేయాలో, చేశాక ఏం చేయాలో నాకు ఆ మంచం దగ్గరే తెలిసింది.

ఇప్పుడేమో మూడు రోజుల సభలకు ఊరినిండా ఫ్లెక్సీలు, చెవులు పగిలే సౌండు బాక్సులు. నాలుగో రోజు, ఆ సభల్లో నిలబడి ప్రభువును ఒప్పుకున్న పిల్లాడి ఇంటికి వెళ్లేవాళ్లుండరు. పొద్దున్నే వాట్సాప్‌లో ఒక వాక్యం పంపేస్తే బాధ్యత తీరిపోతుందా?

మన ప్రాంతంలో సువార్త పాకింది కూడా మామూలు మనుషుల వల్లే. కనిగిరి వైపు తాళ్లకొండపాడు ఎర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారం చేసుకునే మనిషి. రామపట్నంలో బైబిల్ స్కూలు రాకముందే, తాను నమ్మింది చుట్టుపక్కల పల్లెల్లో తనవాళ్లకు చెప్పుకుంటూ తిరిగాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారి పేరే అందరూ చెప్పుకుంటారు. పేరయ్యలాంటి వాళ్లు ముందు ఆ గడపలు తొక్కకపోతే అంతమంది ఏటి ఒడ్డుకు వచ్చేవాళ్లా?

బైబిల్లోనూ ఇలాగే జరిగింది. అపొల్లో గొప్ప వక్త. ఆయన్ని ఇంట చేర్చుకుని దేవుని మార్గాన్ని ఇంకా వివరంగా చెప్పింది డేరాలు కుట్టుకునే భార్యాభర్తలు, అకుల, ప్రిస్కిల్ల. అపొస్తలుల కార్యాలు 18వ అధ్యాయం తీసి చూడండి.

మీ సంఘంలో ఈమధ్య బాప్తిస్మం తీసుకున్నవాళ్లలో ఒక్కరిని ఎంచుకోండి. పదిమందిని కాదు, ఒక్కరినే. ఈ వారమే వాళ్లింటికి వెళ్లి మార్కు సువార్త మొదటి అధ్యాయం చదివించండి. మీరు తక్కువ మాట్లాడి, వాళ్లకేం తగిలిందో అడగండి.