కంపెనీ ‘ప్రాతినిధ్యం’ వహిస్తుందా?

సందేహం: మా గోదామును ఒక ప్రైవేటు లిమిటెడ్ కంపెనీకి అద్దెకిస్తున్నాం. వాళ్లు పంపిన అగ్రిమెంటులో ఈ వాక్యం ఉంది: “సదరు కంపెనీ చట్టప్రకారము సక్రమముగా విలీనము చేయబడి, చెల్లుబాటుగా ఉనికిలో ఉన్నదని, ఈ ఒప్పందము చేయుటకు వారికి అధికారము కలదని ప్రాతినిధ్యం వహించుచున్నది.” ఇందులో ‘విలీనం’, ‘ప్రాతినిధ్యం’ సరైన మాటలేనా?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

సమాధానం: రెండూ తప్పే. అందులో మొదటిది ప్రమాదకరం కూడా.

విలీనమంటే ఒకటి మరొకదానిలో కలిసిపోవడం. 1948లో హైదరాబాదు సంస్థానం భారత యూనియన్‌లో విలీనమైందంటాం. విలీనమైన కంపెనీ సాధారణంగా రద్దయిపోతుంది. అంటే కంపెనీ ఉందని చెప్పాల్సిన వాక్యం, అది ఇంకోదాంట్లో కలిసిపోయిందని చెబుతోంది! ఇంగ్లిషులోని ‘ఇన్‌కార్పొరేటెడ్’ అన్నదాన్ని ‘కలుపుకోవడం’గా అర్థం చేసుకోవడంతో వచ్చిన చిక్కిది. ఇక్కడ ‘నమోదై ఏర్పడిన’ అనాలి. కంపెనీల రిజిస్ట్రారు ఇచ్చే సర్టిఫికెట్లోని తేదీ నుంచే కంపెనీకి చట్టం దృష్టిలో ప్రాణం. ‘చెల్లుబాటు’ నోటుకో చెక్కుకో నప్పుతుంది, కంపెనీకి ‘కొనసాగుతున్న’ చాలు.

ప్రాతినిధ్యమంటే ఒకరి తరఫున మరొకరు నిలబడడం. నల్లగొండకు అక్కడి ఎమ్మెల్యే ప్రాతినిధ్యం వహిస్తారు. కంపెనీ తన సంగతి తానే చెప్పుకునేటప్పుడు ఆ మాటకు చోటెక్కడిది? ఇంగ్లిషులోని ‘రిప్రజెంట్’కు ‘ఇది నిజం’ అని ఎదుటివారికి చెప్పడమే ఇక్కడి భావం. మన పాత దస్తావేజుల్లోని ‘ఇకరారు’ దీనికి బాగా దగ్గర. ఇప్పటివారికి ‘ధ్రువీకరిస్తున్నది’ తేలిక. దానికి ‘హామీ ఇస్తున్నది’ జోడించండి. ‘పూచీకత్తు’ మాత్రం వద్దు, అది ఇంకొకరి బాకీకి అడ్డం నిలబడడం. చెప్పింది నిజం కాదని తేలితే 1872 కాంట్రాక్టు చట్టం 19వ సెక్షను కింద ఒప్పందాన్ని రద్దు చేసుకునే వీలుంటుంది. అందుకే ఏం చెప్పారో స్పష్టంగా ఉండాలి.

మీరు అడగనిది ఇంకొకటుంది. ‘వారికి అధికారము’ – ఎవరికి? కంపెనీకా, సంతకం పెట్టే మేనేజరుకా? ఇవి రెండు వేర్వేరు అధికారాలు, విడివిడిగా రాయాలి:

“తాను కంపెనీల చట్టం, 2013 కింద నమోదై ఏర్పడి నేటికీ కొనసాగుతున్నట్లు, ఈ ఒప్పందం చేసుకునే అధికారం తనకు ఉన్నట్లు, …… తేదీ బోర్డు తీర్మానం ద్వారా తన తరఫున సంతకం చేసే అధికారం శ్రీ …… గారికి ఇచ్చినట్లు కంపెనీ ధ్రువీకరించి హామీ ఇస్తున్నది.”

సర్టిఫికెట్లో ఏ చట్టం పేరుంటే అదే రాయండి. పాత కంపెనీ అయితే 1956 చట్టం ఉండవచ్చు. కంపెనీ పేరు పక్కన అక్షరాలు, అంకెలు కలిపి 21 ఉండే గుర్తింపు సంఖ్య వేయించండి. దానితో కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైటులో ‘యాక్టివ్’ అని ఉందో, ‘స్ట్రైక్ ఆఫ్’ (రిజిస్టరులోంచి పేరు కొట్టివేత) అయిందో తెలిసిపోతుంది. రబ్బరు స్టాంపుతో అధికారం రాదు. తీర్మానం నకలు ధ్రువీకరించి ఇమ్మనండి.

మన దగ్గర రైస్ మిల్లునూ, విత్తనాల దుకాణాన్నీ ‘కంపెనీ’ అనే అంటాం. అవి భాగస్వామ్య సంస్థలైతే ఈ వాక్యం పనికిరాదు. వాటికి వర్తించేది 1932 భాగస్వామ్య చట్టం. సంస్థకు భాగస్వాముల నుంచి వేరైన చట్టపరమైన ఉనికి ఉండదు కాబట్టి భాగస్వాముల పేర్లే రాయించి, వారి చేతే సంతకాలు పెట్టించుకోవాలి.