పాడుబడిన పియర్: నిలబెట్టాలా, తొలగించాలా?

(పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు)

ఒడ్డు నుంచి సముద్రంలోకి స్తంభాల మీద వంతెనలా సాగే కట్టడాన్ని పియర్ అంటారు. ఇంగ్లండ్, వేల్స్ తీరాల్లో వందేళ్లు దాటి పాడుబడిన పియర్‌లను ఉంచాలా, కూల్చాలా అని స్థానికులు వాదించుకుంటున్న తీరు గురించి గత సంచికలో ఒక చిన్న వ్యాసం ప్రచురించాం. దాని మీద వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటికి ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాం.

ప్రశ్న: మా అమ్మాయి బ్రైటన్‌లో ఎమ్మెస్ చదువుతోంది. ఒడ్డుకు కాస్త దూరంలో, నీళ్ల మధ్య తుప్పుపట్టిన ఇనుప చట్రం ఒకటి నిలబడి ఉన్న ఫొటో పంపింది. దాన్ని బాగుచేయరట, తీసెయ్యరట. ‘అంత డబ్బున్న దేశానికి ఆ తుక్కు తీయించడం చేతకాదా’ అని మావారు అంటున్నారు. నాకేమో దాన్ని చూస్తే దిగులుగా ఉంది. అసలు అక్కడ ఏం జరిగిందో చెప్పగలరా?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అమ్మా, అది వెస్ట్ పియర్. యూజీనియస్ బర్చ్ అనే ఇంజనీరు రూపకల్పన చేయగా 1866లో ప్రారంభమైంది. 1916లో దాని మీద కచేరీ మందిరం కూడా కట్టారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఆదాయం తగ్గి, మరమ్మతులు వెనకబడి, చివరికి 1975లో మూతపడింది. 1982లో ప్రభుత్వం దాన్ని అత్యున్నత శ్రేణి వారసత్వ కట్టడాల జాబితాలో చేర్చింది. అంటే అనుమతి లేకుండా ఎవరూ దాని జోలికి పోకూడదు. అయితే కూల్చకుండా అడ్డుపడే చట్టం, దాన్ని నిలబెట్టడానికి కావలసిన డబ్బును మాత్రం ఎవరి చేతా పెట్టించలేదు.

1998లో జాతీయ లాటరీ నిధి నుంచి కోటి పౌండ్లకు పైగా ఇస్తామన్నారు. అదే ఊళ్లో లాభసాటిగా నడుస్తున్న ప్యాలెస్ పియర్ యజమానులు, ప్రజల సొమ్ముతో తమకు పోటీని నిలబెట్టడం అన్యాయమని అభ్యంతరం చెప్పారు. ఒడ్డున దుకాణాలు కట్టి ఆ ఆదాయంతో పియర్‌ను పోషించాలన్న పథకం మీద మరో తగవు నడిచింది. ఈ తగవులు తేలేలోగా, 2002 డిసెంబరులో ఒక భాగం సముద్రంలోకి ఒరిగిపోయింది. 2003 మార్చిలో ఒకసారి, మేలో మరోసారి మంటలు అంటుకుని మందిరాలు రెండూ కాలిపోయాయి. 2004లో ఈదురుగాలికి మధ్యభాగం కూలడంతో ఇక బాగుచేయడం సాధ్యం కాదని వారసత్వ కట్టడాలను చూసే ఇంగ్లిష్ హెరిటేజ్ సంస్థ తేల్చింది. లాటరీ నిధి కూడా అదే ఏడాది వెనక్కిపోయింది. ఒడ్డువైపు మిగిలిన ఇనుమును 2010లో తొలగించారు. మీ అమ్మాయి పంపిన ఫొటోలో ఉన్నది ఒడ్డుతో సంబంధం తెగిపోయిన ముక్క.

శీతాకాలపు సాయంత్రాల్లో స్టార్లింగులు (మన గోరువంకల కుటుంబానికి చెందిన పక్షులే) వేల సంఖ్యలో ఆ ఇనుప చట్రం చుట్టూ తిరుగుతాయి. ఊరివాళ్లకు అది తమ ఊరి గుర్తు అయిపోయింది. మీ దిగులు నాకు అర్థమైంది. మీవారి కోపాన్ని కూడా నేను కాదనను, కాకపోతే ఆ కోపం ఇప్పటి మొండి ఇనుము మీద కంటే 1975 నుంచి 2002 దాకా గడిచిపోయిన కాలం మీద ఉండవలసింది. ఆ ఇరవై ఏడేళ్లలో ఏ ఒక్క ఏడాది బాగుచేయడానికి పూనుకున్నా పియర్ మిగిలేది, కూల్చడానికి పూనుకున్నా కనీసం అందులోని మంచి ఇనుప పనితనం భద్రంగా ఒడ్డుకు చేరేది.

ప్రశ్న: మీ వ్యాసం చదివి నాకు కోపం వచ్చింది. ఎప్పుడో తెల్లదొరలు షికారు కోసం కట్టుకున్న వంతెన మీద కోట్లు పోసే బదులు, అదే డబ్బు ఆసుపత్రికో బడికో ఇస్తే జనానికి మేలు కదా! ప్రమాదకరమైన దాన్ని కూల్చేస్తే పోయేదానికి ఉద్యమాలెందుకు?
– ఒక పాఠకుడు, పటమట, విజయవాడ

జవాబు: ఈ వాదన అక్కడి స్థానిక మండళ్లలో (మన పురపాలక సంఘాల వంటివి) కూడా గట్టిగానే వినిపించింది కాబట్టి దీన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. కానీ కూల్చడం ఉచితం కాదు. ఆటుపోట్ల మధ్య పని చేసుకునే వ్యవధి రోజుకు కొన్ని గంటలే దొరుకుతుంది. స్తంభాలను కోయాలి, పాత రంగుల్లోని సీసం, పైకప్పుల్లోని ఆస్బెస్టాస్ వంటివి ఉంటే నీళ్లలో కలవకుండా తీయాలి, ఇసుకలో దిగిన మొదళ్లు పడవలకూ ఈతగాళ్లకూ తగలకుండా చూడాలి. కాబట్టి ఖర్చు ఎటు తిరిగినా తప్పదు, ఆ ఖర్చుకు చివర్లో ఊరికి ఏం మిగులుతుందన్నదే అసలు ప్రశ్న.

మూడు ఊళ్ల సంగతి చెబుతాను. వేల్స్‌లోని కాల్విన్ బేలో 1900లో తెరిచిన విక్టోరియా పియర్ ఉండేది. దాని మందిరం రెండుసార్లు కాలిపోగా 1934లో మూడోది కట్టి, ఎరిక్ రావిలియస్, మేరీ ఆడ్‌షెడ్ అనే చిత్రకారుల చేత గోడల మీద బొమ్మలు వేయించారు. టీ గది గోడ మీద రావిలియస్ వేసినవి నీటి అడుగు దృశ్యాలు. 2008లో యజమాని దివాలా తీయడంతో పియర్ మూతపడింది. అది ఎవరిదన్న తగవు కోర్టుల్లో నడిచింది. మండలి కూల్చాలంది, ఉద్యమకారులు నిలపాలన్నారు. ఎవరి వాదనలోనూ అబద్ధం లేదు. 2017 ఫిబ్రవరిలో సముద్రంవైపు కొస కూలి, శకలాలు ఒడ్డుకు కొట్టుకొచ్చాక చర్చ దానంతట అదే ముగిసింది. 2018లో విప్పేశారు. విప్పేటప్పుడు గోడల మీది బొమ్మల ముక్కలు కొన్నింటిని కాపాడగలిగారు. పాతదాని గుర్తుగా కట్టిన పొట్టి పియర్ 2021లో పూర్తయింది.

హేస్టింగ్స్‌లో కథ ఇంకో రకంగా నడిచింది. అక్కడి 1872 నాటి పియర్ 2010లో చాలావరకు కాలిపోయింది. పట్టించుకోని యజమాని నుంచి మండలి 2013లో దాన్ని నిర్బంధంగా స్వాధీనం చేసుకుంది. లాటరీ నిధికి తోడు సుమారు 3,000 మంది సామాన్యులు వాటాలు కొన్నారు. సుమారు 1.42 కోట్ల పౌండ్ల ఖర్చుతో బాగుచేసి 2016లో తెరిచారు. 2017 అక్టోబరులో బ్రిటన్‌లో భవన నిర్మాణానికి ఇచ్చే అత్యున్నత పురస్కారమైన స్టిర్లింగ్ బహుమతి దానికి వచ్చింది. మరుసటి నెలలోనే దాన్ని నడుపుతున్న ధర్మసంస్థ అప్పుల్లో మునిగి చేతులెత్తేసింది. 2018లో 60,000 పౌండ్లకు ఒక ప్రైవేటు వ్యక్తికి అమ్మారు. వాటాదారులకు ఎంత కష్టం కలిగి ఉంటుందో ఊహించండి. కట్టడం నిలబడింది గానీ, ఏటా దాన్ని పోషించే ఆదాయం ఎక్కడి నుంచి రావాలో ముందుగా తేల్చుకోలేకపోయారు. పటమట పాఠకుడి అభ్యంతరానికి నిజమైన బలం ఇక్కడ దొరుకుతుంది.

అయినా నేను నిలపాలనే పక్షానే ఉన్నాను, అందుకు కారణం క్లీవ్‌డన్. బ్రిస్టల్ చానల్ అనే సముద్రపు పాయ తీరంలో, ఆటుపోట్ల మధ్య తేడా పద్నాలుగు మీటర్ల దాకా ఉండే చోట, 1869లో తెరిచిన పియర్ అది. రైలు మార్గానికి పనికిరాక మిగిలిన పట్టాలతో దాని సన్నని కాళ్లను నిర్మించారు. 1970లో బీమా కోసం బరువు పరీక్ష చేస్తుండగా రెండు స్పాన్లు (స్తంభానికీ స్తంభానికీ మధ్య ఉండే భాగాలు) కుప్పకూలాయి. మండలి కూల్చేస్తామంది. ఊరు ఒప్పుకోలేదు. 1980లో బహిరంగ విచారణ జరిగితే, కవి జాన్ బెట్జిమన్ వంటివారు దాని తరఫున నిలిచారు. తీర్పు పియర్‌కు అనుకూలంగా వచ్చింది. ఆ తర్వాత ఊరివాళ్లు చందాలు వేసుకుంటూ, ప్రభుత్వ నిధులు తెచ్చుకుంటూ, భాగాలను విడదీసి పక్క రేవుకు తీసుకెళ్లి బాగుచేయించి, మళ్లీ తెచ్చి బిగించుకుంటూ 1989లో తెరిచారు. చివరనున్న మందిరాలతో సహా పని పూర్తయ్యేసరికి 1998 వచ్చింది. నేటికీ జనం టికెట్టు కొని దాని మీద నడుస్తున్నారు. కూలిన పదేళ్లలోపే విచారణ జరిగి నిర్ణయం వచ్చింది కాబట్టి, కాళ్లలో సత్తువ ఉండగానే పని మొదలైంది.

ప్రశ్న: ఇనుముకు రంగు వేసి వదిలేస్తే సరిపోదా? మా లేత్ వర్క్‌షాపులో ముప్ఫై ఏళ్ల నాటి పోత ఇనుప బెడ్డు (లేత్ యంత్రపు పీఠం) ఇప్పటికీ చెక్కుచెదరలేదు.
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మీ బెడ్డుకు నూనె తగులుతుంది, ఉప్పునీరు తగలదు. సముద్రంలో ఎప్పుడూ మునిగి ఉండే భాగం కంటే, అల ఎగసిపడి తడిసి ఆరుతూ ఉండే భాగాన్ని తుప్పు త్వరగా తినేస్తుంది, ఎందుకంటే అక్కడ ఉప్పూ నీరూ గాలీ మూడూ కలుస్తాయి. రంగు వేయడానికి అన్నిటికంటే కష్టమైన చోటు కూడా అదే.

పియర్ స్తంభాలు సాధారణంగా పోత ఇనుము, వాటిని కలిపే అడ్డకమ్మీలు చేత ఇనుము (కాచి, సాగగొట్టి చేసినది). ముందుగా పోయేవి కమ్మీలూ బోల్టులూ. తుప్పు అసలు ఇనుము కంటే కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి, రెండు పలకల సందులో చేరిన తుప్పు బోల్టును లోపలి నుంచి లాగి తెంపేస్తుంది. పోత ఇనుముది ఇంకో మోసం. ఉప్పునీటిలో దాని ఇనుము కరిగిపోయి గ్రాఫైట్ మాత్రం మిగులుతుంది. స్తంభం ఆకారం, అంచులు, మీద పోసిన అచ్చు అక్షరాలు అన్నీ అలాగే ఉంటాయి, చాకుతో గీస్తే మాత్రం పెన్సిల్ ముల్లులా నల్లగా రాలుతుంది. అందుకే దూరం నుంచి చూసి ‘ఇంకా గట్టిగానే ఉంది’ అనే మాటను గానీ, ‘ఇవాళో రేపో పడిపోతుంది’ అనే మాటను గానీ నమ్మకూడదు. స్తంభం స్తంభానికీ మందం కొలిపించి, నీటి అడుగున మునగగాళ్ల చేత చూపించి, ఆ లెక్కను ఊరి ముందు పెట్టాకే వాదన మొదలుపెట్టాలి. ఈ కొలతల ఖర్చు మొత్తం ఖర్చులో చాలా చిన్నది. ఆ చిన్న ఖర్చుకు వెనకాడిన చోట్లే పెద్ద గొడవలు జరుగుతున్నాయి.

ప్రశ్న: మన దేశంలో ఇటువంటి చర్చ జరిగిందా? పుదుచ్చేరి పియర్ కూలినప్పుడు పేపర్లో చూశాను. దాన్ని కాపాడి ఉండాల్సిందా?
– ఒక పాఠకురాలు, వన్‌టౌన్, విజయవాడ

జవాబు: పుదుచ్చేరిలో ఫ్రెంచివారు 1866లో, అంటే బ్రైటన్‌లో వెస్ట్ పియర్ తెరిచిన ఏడాదే, ఇనుప పియర్ కట్టారు. అది 1952 తుపానులో పోయింది. 1962లో కొత్తది వచ్చింది. 2022 మార్చిలో వాయుగుండం సమయంలో కూలింది ఈ రెండోదే. కాపాడి ఉండాల్సిందనే నా అభిప్రాయం. అయితే మన కేంద్ర పురావస్తు చట్టం వందేళ్లు నిండని కట్టడాన్ని ప్రాచీన కట్టడంగా గుర్తించదు కాబట్టి, అరవై ఏళ్ల పియర్ ఎంత ప్రియమైనదైనా ఆ చట్టం పరిధిలోకి రాదు. కేరళలోని ఆలప్పుళలో 1862 నాటి పియర్‌కు వందేళ్లు ఎప్పుడో దాటినా, ఇప్పుడు ఇసుకలో వరుసగా నిలబడిన మొండి స్తంభాలే మిగిలాయి. కాబట్టి వయసు ఒక్కటే దేన్నీ కాపాడలేదు.

మనకు దగ్గరి ఉదాహరణ సముద్రంలో లేదు, గోదావరిలో ఉంది. రాజమహేంద్రవరంలో 1900లో ప్రారంభమైన హేవ్‌లాక్ వంతెన మీద 1997లో రైళ్లు ఆగిపోయాయి. 56 స్పాన్ల ఆ వంతెనను తుక్కు కింద అమ్మేయాలన్న ఆలోచన వచ్చినప్పుడు గోదావరి జిల్లాల ప్రజలు వ్యతిరేకించారు, దాన్ని పర్యాటక స్థలంగా మార్చాలన్న ప్రతిపాదన ఏళ్ల తరబడి నలిగింది. మంచినీటిలో ఇనుమును తుప్పు నెమ్మదిగా తింటుంది, అడుగున ఉన్నవి రాతి స్తంభాలు కాబట్టి అది ఇన్నేళ్లు ఓర్చుకుంది. ఆ ఓర్పును చూసి పని ఇంకా వాయిదా వేయవచ్చనుకోవడం నాకు చాలా భయం కలిగిస్తోంది.

మన బెజవాడలో ప్రకాశం బ్యారేజీని చూడండి. 2024 సెప్టెంబరు వరదలో పడవలు కొట్టుకొచ్చి గేట్ల కౌంటర్‌వెయిట్లను (గేట్లు ఎత్తడానికి తోడ్పడే ప్రతిభారాలను) ఢీకొంటే, కొద్ది రోజుల్లోనే కొత్తవి బిగించారు. దాని మీద లక్షల ఎకరాల సాగు ఆధారపడి ఉంది, దానికి బాధ్యులైన ఇంజనీర్లున్నారు, బడ్జెట్టు ఉంది. పని ముగిసిన కట్టడానికి అవేవీ ఉండవు. కనుక రైళ్లు ఆగిన రోజునో, ఓడలు రావడం మానిన రోజునో ఆ కట్టడం ఏ శాఖ కిందికి వెళ్తుందో, దాని మరమ్మతు ఏ పద్దు కింద జరుగుతుందో రాతపూర్వకంగా తేల్చాలి. తేల్చలేకపోతే, ఫొటోలు తీసి, కొలతలు వేసి, దాచదగిన భాగాలు దాచి, అది ఎవరి మీదా పడకముందే గౌరవంగా విప్పేయాలి. నిలపాలనే పక్షాన ఉన్నవాడినే అయినా ఈ మాట అంటున్నాను.

ప్రశ్న: సూర్యలంకలో మనం కూడా ఒక పియర్ కట్టుకుంటే బాగుంటుంది కదా? ఇసుక కోతకు కారణమవుతుందా?
– ఒక పాఠకుడు, పొన్నూరు, గుంటూరు జిల్లా

జవాబు: విడివిడి స్తంభాల మీద నిలిచే పియర్ కింద నుంచి ఇసుక కదలడానికి దారి ఉంటుంది, కాబట్టి అది రాళ్లు పోసిన అడ్డుకట్టంత హాని చేయదు. పుదుచ్చేరి తీరం కోతకు ముఖ్య కారణం 1980లలో రేవు కోసం వేసిన అడ్డుకట్టలే గాని పియర్ కాదు. తీరప్రాంత నియంత్రణ మండలం (సీఆర్‌జెడ్) నిబంధనల కింద అనుమతులు ఎలాగూ తప్పవు. ప్రతిపాదన ఎవరైనా మీ ముందుకు తెస్తే, కట్టడానికి ఎంత అని అడిగే ముందు, తుపాన్లు వచ్చే ఈ తీరంలో దాన్ని ఏటా తనిఖీ చేసి బాగుచేయడానికి ఎంత కేటాయిస్తున్నారో, ఆ సొమ్ము ఏ ఖాతాలో ఉంటుందో అడగండి.